విక్టోరియా కాలపు మిల్లు ఎందుకు కూలిందో పరిశీలించడం ఎలా

విక్టోరియా రాణి పాలించిన 1837–1901 సంవత్సరాల మధ్య ఇంగ్లండులో నూలు మిల్లులు, ఉన్ని మిల్లులు, వాటి పొగగొట్టాలు కూలి మనుషులు చనిపోయిన సంఘటనలు అనేకం ఉన్నాయి. చరిత్ర విద్యార్థులు, సివిల్ ఇంజనీరింగ్ చదివేవారు, కార్మిక చట్టాల మీద రాసేవారు వీటిని తరచుగా ప్రస్తావిస్తారు. అయితే ప్రస్తావించేవారిలో చాలామంది "నాణ్యత లేని నిర్మాణం వల్ల భవనం కూలింది" అనే ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఆ వాక్యం అబద్ధం కాదు గాని దానివల్ల తెలిసేదీ ఏమీ లేదు. ఒక మిల్లు కూలిన సంఘటనను పత్రాల ఆధారంగా, ఉన్నచోటనే కూర్చుని, సక్రమంగా పరిశీలించడానికి అనుసరించవలసిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

పని మొదలుపెట్టే ముందే రెండు ప్రశ్నలను వేరువేరు కాగితాల మీద రాసి పెట్టుకోవాలి. మొదటిది, ఏ భాగం ముందు విరిగింది? రెండవది, అది విరగవచ్చునని ముందుగా ఎవరికి తెలుసు, తెలిసి కూడా పని కొనసాగించాలని ఎవరు నిర్ణయించారు? మొదటి ప్రశ్నకు ఇనుము, ఇటుక, పునాది సమాధానం చెబుతాయి. రెండవ ప్రశ్నకు సాక్షుల వాంగ్మూలాలు, తేదీలు, చట్టాలు సమాధానం చెబుతాయి. నా దృష్టిలో రెండవదే అసలు ప్రశ్న. మొదటిదాన్ని తేల్చకుండా దాని జోలికి వెళితే మాత్రం పరిశీలన ఆవేశంగా మిగిలిపోతుంది తప్ప నిలబడదు.

ముందు భవనాన్ని గీయండి

ఆ కాలపు మిల్లు ఎలా నిలబడిందో తెలియకపోతే ఎలా పడిందో అర్థం కాదు. పాత మిల్లుల్లో నేలలు చెక్క దూలాల మీద ఉండేవి. పత్తి ధూళి, యంత్రాలకు పూసే నూనె, దీపాల మంట ఒకచోట చేరడంతో అవి తరచుగా తగలబడేవి. ఆ భయం నుంచే "అగ్నికి తట్టుకునే మిల్లు" అనే నిర్మాణ పద్ధతి పుట్టింది. ష్రూస్‌బరీ పట్టణం పక్కన డిథరింగ్టన్‌లో చార్లెస్ బేజ్ 1797లో రూపొందించిన అవిసె నార మిల్లు, స్తంభాలూ దూలాలూ రెండూ ఇనుముతో చేసిన మొదటి భవనంగా ప్రసిద్ధి పొందింది. తర్వాతి అర్ధ శతాబ్దంలో ఇంగ్లండులోని లాంకషైర్ జిల్లా అంతటా ఈ నమూనాయే వ్యాపించింది.

దాని అమరిక ఇలా ఉంటుంది. బయట దళసరి ఇటుక గోడలు, లోపల వరుసలుగా పోత ఇనుప (కరిగించి అచ్చులో పోసిన ఇనుము) స్తంభాలు ఉంటాయి. గోడ నుంచి స్తంభానికి, స్తంభం నుంచి స్తంభానికి పోత ఇనుప దూలాలు వేస్తారు. పక్కపక్కనున్న రెండు దూలాల కింది అంచుల మీద ఆనేటట్లు తక్కువ ఎత్తున్న ఇటుక కమాను కట్టి, దాని పైన మట్టి, సున్నపు మిశ్రమం నింపి, రాతి పలకలు పరుస్తారు. మన ప్రాంతంలో పాత రైల్వే భవనాల కప్పు కింద నిలబడి పైకి చూసినవారికి ఇనుప దూలాల నడుమ వరుసగా సాగే ఇటుక కమానులు గుర్తుండే ఉంటాయి. లాంకషైర్ మిల్లులో అదే నిర్మాణం ఒకదానిపై ఒకటిగా ఐదారు అంతస్తులు లేచేది.

కాగితం మీద ఒక అంతస్తు నిలువుకోత గీసి, కమాను తన రెండు వైపులా దూలాలను బయటికి నెడుతుందని బాణాలతో గుర్తించండి. ఎడమ కమాను నెట్టే బలాన్ని కుడి కమాను నెట్టే బలం సరిచేస్తుంది కాబట్టి మధ్య దూలం కదలకుండా ఉంటుంది. భుజం భుజం ఆనించి నిలబడ్డ మనుషుల వరుసలో ఒకడు పక్కకు తప్పుకున్నట్లు, ఒక కమాను పోతే దాని పక్క దూలం మీద ఒకవైపు నెట్టుడే మిగులుతుంది. పోత ఇనుప దూలం పక్కవాటు బలానికి ఏమాత్రం తట్టుకోలేదు. ఈ నెట్టుడును అదుపులో ఉంచడానికి దూలం నుంచి దూలానికి చేత ఇనుప (సాగగొట్టిన ఇనుము) బిగింపు కడ్డీలు వేసేవారు. అవి ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి, దూలం ఎత్తులో ఎక్కడ బిగించారు అన్న వివరాలను నివేదికలో ప్రత్యేకంగా వెతకండి. ఒకే దూలం విరిగినా మిల్లు మొత్తం ఎందుకు నేలమట్టమవుతుందో ఈ గీతను చూస్తే తెలుస్తుంది.

పోత ఇనుముకు లెక్క వేయండి

పోత ఇనుము నొక్కితే ఎంతో బరువు మోస్తుంది, లాగితే మాత్రం అందులో సుమారు ఆరో వంతుకే తెగిపోతుంది. దూలం మీద బరువు పెట్టినప్పుడు దాని పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. అందువల్ల పోత ఇనుప దూలం కింది అంచు నుంచే విరుగుతుంది. చేత ఇనుము ముందుగా వంగి మనిషికి హెచ్చరిక ఇస్తుంది గాని, పోత ఇనుము వంగినట్లు కనిపించకుండానే ఒక్కసారిగా పగులుతుంది.

మాంచెస్టర్‌లో ఇంజనీరు ఈటన్ హాడ్జ్‌కిన్సన్ ఎన్నో దూలాలను విరిచి చూసి, కింది రెక్క (దూలం అంచున వెడల్పుగా ఉండే పట్టీ) వైశాల్యం పై రెక్కకు సుమారు ఆరు రెట్లు ఉంటేనే ఇనుము పూర్తిగా పనికి వస్తుందని 1830 ప్రాంతంలో తేల్చాడు. అతని సూత్రం సులభమైనది. కింది రెక్క వైశాల్యాన్ని చదరపు అంగుళాల్లో, దూలం లోతును అంగుళాల్లో తీసుకుని గుణించి, మళ్లీ 26తో గుణించి, ఆనికల (దూలం చివరలు ఆనే చోట్ల) మధ్య దూరాన్ని అంగుళాల్లో తీసుకుని దానితో భాగిస్తే, నడిమధ్యలో ఎన్ని టన్నులు పెడితే దూలం విరుగుతుందో వస్తుంది. బరువు దూలం పొడవునా సమంగా పరచుకుని ఉంటే దానికి రెట్టింపు మోస్తుంది.

నివేదికలో కొలతలు దొరికినప్పుడు మీరే ఈ లెక్క వేసి చూడాలి. అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ చెబుతాను. కింది రెక్క వైశాల్యం 12 చదరపు అంగుళాలు, లోతు 18 అంగుళాలు, ఆనికల దూరం 18 అడుగులు, అంటే 216 అంగుళాలు అనుకోండి. నడిమధ్య బరువుకు 26 టన్నులు, పరచిన బరువుకు 52 టన్నులు వస్తుంది. దూలాల మధ్య ఎడం 10 అడుగులైతే ఒక్కో దూలం 180 చదరపు అడుగుల నేలను మోస్తుంది. కమాను, నింపుడు, పలకలు, యంత్రాలు అన్నీ కలిపి చదరపు అడుగుకు 180 పౌన్లు అనుకుంటే మొత్తం సుమారు 14.5 టన్నులు. విరిగే బరువు దీనికి మూడున్నర రెట్లు ఉంది కనుక దూలం నిలుస్తుంది. ఇప్పుడు అదే దూలాన్ని 24 అడుగుల వెడల్పుకు వాడారనుకుందాం. మోసే శక్తి 39 టన్నులకు తగ్గుతుంది, మోయవలసిన బరువు 19 టన్నులు దాటుతుంది, భద్రత రెండు రెట్లకు పడిపోతుంది. ఆ దూలం పోతలో లోపల చిన్న గాలిబుడగ ఉన్నా, యంత్రాలు రేయింబవళ్లు అదురుతున్నా ఆ రెండు రెట్లు మిగలవు. యజమాని మిల్లును కొంచెం వెడల్పు చేయాలనుకున్నప్పుడు ఫౌండ్రీలో (ఇనుము పోత పోసే కార్ఖానాలో) అప్పటికే ఉన్న పాత అచ్చుతోనే దూలాలు పోయించాడా అన్న అనుమానం ఎక్కడ రావాలో ఈ లెక్క చెబుతుంది.

ఓల్డమ్, 1844

ఈ పద్ధతిని మొదటిసారి సాధన చేయడానికి ఓల్డమ్ సంఘటన అన్నిటికన్నా తగినది. లాంకషైర్‌లోని ఓల్డమ్‌లో రాడ్‌క్లిఫ్ కుటుంబానికి చెందిన నూలు మిల్లు 1844 అక్టోబరు 31న కూలి 20 మంది చనిపోయారు. అది పాత శిథిల భవనం కాదు. పైన చెప్పిన అగ్నికి తట్టుకునే పద్ధతిలో కొత్తగా కట్టినది. ప్రభుత్వం భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ డి లా బీచ్‌ను, లండన్‌లో పెద్ద నిర్మాణాలు చేసిన థామస్ క్యూబిట్‌ను విచారణకు పంపింది. వారు 1845లో ఇచ్చిన నివేదిక పార్లమెంటు పత్రాల్లో అచ్చయింది. ఒక కర్మాగారం కూలినప్పుడు సాంకేతిక కారణాన్ని నిపుణులచేత ప్రభుత్వం వెతికించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి కాబట్టి దీన్ని ఓపికగా చదవాలి. బలం చాలని పోత ఇనుప దూలం విరగడంతో మొదలై, కమానులు ఒకదాని వెంట ఒకటి పడడంతో భవనం మొత్తం పోయిందని వారి పరిశీలన సారాంశం. మీరు గీసుకున్న నిలువుకోత మీద ఈ క్రమాన్ని ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి గుర్తించండి.

తరువాత రెండవ కాగితం తీయండి. ఇరవై ఏళ్ల ముందే, 1824 అక్టోబరులో, మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న సాల్‌ఫర్డ్‌లో ఇదే తరహా మిల్లు దూలం విరిగి కూలింది. హాడ్జ్‌కిన్సన్ సూత్రం ఓల్డమ్ మిల్లు కంటే పద్నాలుగేళ్లు పాతది, అది పుట్టిన మాంచెస్టర్ ఓల్డమ్‌కు కొన్ని మైళ్ల దూరంలోనే ఉంది. అంటే దూలం బలాన్ని లెక్కగట్టే విద్య అందుబాటులో లేదని ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క వేయమని యజమానిని నిర్బంధించే చట్టం లేదు, వేశాడో లేదో చూసే అధికారి లేడు. అదే ఏడాది వచ్చిన 1844 ఫ్యాక్టరీ చట్టం మనుషులు తగలకుండా యంత్రాలకు అడ్డు కట్టమన్నది, పనివేళలు నిర్ణయించింది. నేల కింది దూలం ఎంత మోస్తుందో అడగలేదు.

స్తంభాల విషయంలో లారెన్స్ నేర్పేది

దూలాలు బాగున్నా స్తంభాలు మోసం చేయవచ్చు. దీనికి ఇంగ్లండు బయటి ఉదాహరణే స్పష్టంగా ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో 1853లో కట్టిన పెంబర్టన్ మిల్లు 1860 జనవరి 10 సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో, వందల మంది లోపల పనిచేస్తుండగా కూలింది. గుల్ల స్తంభాన్ని పడుకోబెట్టిన అచ్చులో పోసేటప్పుడు మధ్యనున్న ఇసుక దిమ్మె కరిగిన ఇనుములో పైకి తేలుతుంది. దాంతో స్తంభం ఒక పక్క మందంగా, మరో పక్క కాగితపు అట్ట అంత పలచగా తయారవుతుంది. బయటి నుంచి చూస్తే అది నిండు గుండ్రంగా, నున్నగా, లోపం లేనట్లే కనిపిస్తుంది. శిథిలాల్లో దొరికిన స్తంభాలు ఇలాంటివేనని విచారణలో బయటపడింది. కొత్త యజమానులు మరిన్ని యంత్రాలు చేర్చారన్న విషయాన్నీ దీనితో కలిపి చూడాలి. కరోనర్ (ప్రమాద మరణాలను విచారించే అధికారి) వేసిన జూరీ ప్రధానంగా ఇంజనీరు చార్లెస్ బిగెలోను తప్పుపట్టింది.

కాబట్టి స్తంభాల గురించి చదివేటప్పుడు మందం ఎన్నిచోట్ల కొలిచారు, పోత పోసిన ఫౌండ్రీలో ఎవరైనా పరీక్షించారా, స్తంభం మీద స్తంభం ఆనించిన చోట నేరుగా ఆనించారా, లేక దూలం చివర నడుమన ఇరికించారా అన్నవి చూడండి. లారెన్స్‌లో ఇంకో ఘోరం కూడా జరిగింది. శిథిలాల కింద బతికి ఉన్నవారిని వెలికితీస్తున్న రాత్రి వేళ ఒక లాంతరు పడి నిప్పంటుకుంది. నూనె ఇంకిన చెక్క, పత్తి మండిపోయి, రక్షించేవారి చేతికి అందేంత దూరంలో ఉన్నవారు కూడా కాలిపోయారు. మృతుల సంఖ్య 88 నుంచి 145 వరకు రకరకాలుగా కనిపించడానికి ఈ మంట ఒక కారణం. ఇలాంటి చోట ఒక అంకెను ఎంచుకుని ఖాయం చేయకండి. రెండు హద్దులనూ రాయండి.

పొగగొట్టం, దాని కింది నేల: బ్రాడ్‌ఫర్డ్, 1882

యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని పరిశ్రమకు కేంద్రం. అక్కడ సర్ హెన్రీ రిప్లీకి చెందిన న్యూలాండ్స్ మిల్లుల పొగగొట్టాన్ని 1862–63లో కట్టారు, ఎత్తు 255 అడుగులు. కింద పాత బొగ్గు తవ్వకాలున్న నేల. కడుతున్నప్పుడే అది ఒరిగింది. ఒరిగిన పొగగొట్టాన్ని నిలబెట్టడానికి ఆ రోజుల్లో ఒక ఉపాయం ఉండేది: ఎత్తుగా ఉన్న వైపు ఇటుక వరుసను కొంత కోసి తీసేస్తే పొగగొట్టం తన బరువుతోనే అటువైపు దిగి నిటారవుతుంది. ఇక్కడా అలాగే చేశారు. కోసిన చోట తాపీపని దెబ్బతింటుందనీ, ఆ పైన ఉన్న వేల టన్నుల బరువు అక్కడ సమంగా దిగదనీ అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు.

ఇరవై ఏళ్ల తరువాత ఆ ప్రాంతంలోనే పైపొర ఉబ్బి, రాళ్లు ఊడసాగాయి. మరమ్మతు మొదలుపెట్టారు గాని మిల్లు ఆపలేదు. 1882 డిసెంబరు 28 ఉదయం, గాలి బలంగా వీస్తుండగా, ఎనిమిది దాటిన కొద్ది నిమిషాలకు పొగగొట్టం విరిగి మిల్లు మీద పడి 54 మంది చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది యువతులు, బాలబాలికలు. అది ఉదయపు ఫలహారం వేళ కావడంతో ఇళ్లకు వెళ్లినవారు బతికారు. ఇల్లు దూరమై లోపలే తినేందుకు కూర్చున్నవారు చిక్కుకున్నారు.

కరోనర్ జూరీ తీర్పును మీరు పూర్తిగా చదవాలి, ఎందుకంటే దానిలో రెండు కాగితాల సమాధానాలూ ఒకేచోట ఉన్నాయి. పునాది మంచిదేనని, గతంలో కోయడమూ ఆనాటి గాలీ కలిసి పొగగొట్టాన్ని కూల్చాయని, నిపుణులు కాని యజమానులు తమకు చేతనైనదంతా చేశారని, ఇవి ప్రమాద మరణాలని జూరీ చెప్పింది. ఆ వెంటనే, మిల్లు పని ఆపకపోవడం విచారకరమని కూడా చేర్చింది. "విచారకరం" అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలని చదువరులను కోరుతున్నాను. రాళ్లు రాలుతున్న 255 అడుగుల కట్టడం కింద పిల్లలను పనికి రప్పించిన నిర్ణయం, చట్టం దృష్టిలో నేరం కాకుండా విచారం వద్దనే ఆగిపోయింది.

పొగగొట్టం కేసుల్లో మీరు ప్రత్యేకంగా వెతకవలసినవి ఉన్నాయి. కట్టేటప్పుడు ఎత్తు పెంచమనిగాని, అలంకారం చేర్చమనిగాని యజమాని కోరాడా చూడండి. నేల కింద గనుల పటం ఉందా చూడండి. బ్రిటన్ సర్వే శాఖ పెద్ద కొలతతో వేసిన పటాలు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. మూసేసిన బొగ్గు బావులు చాలా పటాల్లో గుర్తించి ఉంటాయి. భవనం కూలిన ఏడాదికి ముందు పటాన్ని, తరువాతి పటాన్ని పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఎక్కడ పడిందో తెలుస్తుంది.

యంత్రాల ప్రమాదాలను పక్కన పెట్టవద్దు

మిల్లు కూలడం అరుదైన వార్త. యంత్రం చేయి లాగేయడం మామూలు విషయం. ఈ రెండింటినీ కలిపి చదివితేనే ఆ భవనంలో ప్రాణానికి ఎంత విలువ ఉండేదో తెలుస్తుంది. ఒక ఆవిరి యంత్రం తిప్పే శక్తి నిలువు షాఫ్ట్ ద్వారా అంతస్తులన్నిటికీ ఎక్కి, కప్పు కింద సాగే అడ్డ షాఫ్టుల ద్వారా, వాటి చక్రాలకు తగిలించిన తోలు బెల్టుల ద్వారా ప్రతి యంత్రానికీ చేరేది. జారిన బెల్టును తిరిగి ఎక్కించబోయినవారి చొక్కా చేతులు, దగ్గర నుంచి నడిచిన ఆడపిల్లల జడలు, పావడాలు షాఫ్టుకు చుట్టుకునేవి. నూలు వడికే పెద్ద యంత్రం ముందుకూ వెనక్కూ కదులుతుంటే దాని కింద దూరి పత్తి వ్యర్థాలు ఊడ్చే పని పిల్లలది. మగ్గం నుంచి ఎగిరిన నాడె కంటికి తగిలేది. ఏకులు తీసే గదిలోని ధూళి ఊపిరితిత్తుల్ని నెమ్మదిగా తినేది.

బాయిలర్ పేలుళ్లు భవనాలను కూల్చినవి కూడా ఉన్నాయి కాబట్టి, కూలిన వార్తలో "పెద్ద శబ్దం" అన్న మాట కనిపిస్తే అది బాయిలర్‌దా, దూలం విరిగినదా అని విడదీయాలి. బాయిలర్‌లో నీరు తగ్గడం, రేకు తుప్పు పట్టడం, లోపల మడ్డి పేరుకోవడం, ఆవిరి వదిలే కవాటం మీద అదనపు బరువు వేలాడదీయడం ముఖ్య కారణాలు. ఇంజనీరు విలియమ్ ఫెయిర్‌బెయిర్న్ తదితరుల చొరవతో 1854లో మాంచెస్టర్‌లో పుట్టిన సంఘం తన సభ్యుల బాయిలర్లను క్రమం తప్పకుండా తనిఖీ చేయించింది. పేలిన ప్రతి బాయిలర్ గురించి ప్రభుత్వ వాణిజ్య మండలికి తెలపాలన్న చట్టం మాత్రం 1882లో గాని రాలేదు. ఆ ఏడాది తరువాతి పేలుళ్లకు అధికారిక నివేదికలు దొరుకుతాయి. ముందువాటికి పత్రికలే దిక్కు.

చట్టాల తేదీలను పక్కన పెట్టుకుని చదవండి

ప్రమాదం జరిగిన తేదీకి ఏ చట్టం అమలులో ఉందో తెలియకుండా ఎవరినీ తప్పుపట్టడం న్యాయం కాదు. 1833 చట్టం నలుగురు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లను నియమించింది, పట్టు మిల్లులు మినహా ఇతర మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లలను నిషేధించింది. 1844 చట్టం యంత్రాలకు అడ్డు తప్పనిసరి చేసింది. గాయపడిన మనిషి మరునాడు ఉదయం తొమ్మిదికల్లా పనికి రాలేకపోతే వైద్యాధికారికి తెలియజేయాలన్నది. అదే చట్టం పిల్లలను సగం రోజు పనికి ఎనిమిదేళ్లకే అనుమతించింది. 1855లో మిల్లు యజమానులు సంఘం కట్టి ఈ అడ్డు నిబంధనల మీద పోరాడారు, 1856లో చట్టం సడలింది కూడా. పిల్లల కనీస వయసు 1870లలో పదికి, 1891లో పదకొండుకు, 1901లో పన్నెండుకు పెరిగింది.

పరిహారం సంగతి ఇంకా కఠినమైనది. తోటి పనివాడి తప్పువల్ల గాయపడితే యజమాని బాధ్యుడు కాడన్న సూత్రం 1837 నాటి ఒక తీర్పు నుంచి బలపడింది. చావుకు కారణమైన వస్తువును గాని దాని విలువను గాని జప్తు చేసే పాత ఆచారాన్ని 1846లో రద్దు చేసి, మృతుల కుటుంబం దావా వేసే హక్కును అదే ఏడాది ఇచ్చారు. అయితే దావా ఖర్చు భరించగల నేతగత్తె కుటుంబం ఎక్కడుంది? 1880 చట్టం కొంత దారి తెరిచింది. యజమాని తప్పు నిరూపించనవసరం లేకుండా పరిహారం ఇవ్వాలన్న చట్టం 1897లో వచ్చింది. మరణానికి మూడేళ్ల సంపాదన, కనీసం 150 పౌన్లు, గరిష్ఠం 300 పౌన్లు. బ్రాడ్‌ఫర్డ్ మృతుల కుటుంబాలకు అది పదిహేనేళ్లు ఆలస్యం.

మన వైపు ఈ చట్టాల నీడ 1881లో పడింది. ఆ ఏడాది చేసిన భారత ఫ్యాక్టరీల చట్టం ఆవిరి వంటి యంత్రశక్తితో నడిచే, నూరుమందికి తక్కువ కాని కార్మికులున్న కర్మాగారాలకు వర్తించింది. ఏడేళ్లలోపు పిల్లలను నిషేధించి, ఏడు నుంచి పన్నెండేళ్లవారికి రోజుకు తొమ్మిది గంటల హద్దు పెట్టి, ప్రమాదకర యంత్రాలకు అడ్డు కట్టమన్నది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి, నిజాం రాజ్యం రాలేదు. ఆ చట్టం వెనుక కార్మికుల మీద దయతో పాటు బొంబాయి మిల్లుల పోటీకి భయపడిన లాంకషైర్ యజమానుల ఒత్తిడి కూడా ఉందన్నది చరిత్రకారులకు తెలిసిన విషయమే. మన తీరంలోని చేనేతను దెబ్బతీసిన బట్ట ఏ మిల్లుల్లో, ఎవరి ప్రాణాల ఖర్చుతో తయారైందో తెలుసుకోవడం తెలుగు చదువరికి అనవసర విషయం కాదు.

పత్రాలను ఏ వరుసలో చదవాలి

చాలామంది పత్రికలతో మొదలుపెడతారు. నేను కరోనర్ విచారణతో మొదలుపెట్టమంటాను. కరోనర్ మృతదేహాలను చూపించి, స్థానికులతో జూరీ వేసి, ప్రమాణం మీద సాక్ష్యం తీసుకుంటాడు. ఆ సాక్ష్యాన్ని స్థానిక పత్రికలు దాదాపు మాట మాటగా అచ్చువేసేవి కాబట్టి అసలు రికార్డు పోయినా పత్రిక ప్రతిలో అది బతికి ఉంటుంది. బ్రిటిష్ పత్రికల భాండాగారం చందా కట్టినవారికి ఆన్‌లైన్‌లో చదవడానికి దొరుకుతుంది, పార్లమెంటు చర్చలు ఉచితంగానే దొరుకుతాయి.

వాంగ్మూలాల్లో మీ కన్ను మేస్త్రీల మీద, వడ్రంగుల మీద, బాయిలర్ మనిషి మీద ఉండాలి. ప్రమాదానికి ముందు వారాల్లో పగులు చూశామని, సున్నం రాలిందని, తలుపు బిగుసుకుపోయి మూయరాలేదని, ఫలానా వారికి చెప్పామని వారే అంటారు. ప్రతి మాటకూ తేదీ, చెప్పినవాడు, విన్నవాడు అన్న మూడు గడుల పట్టిక వేయండి. యజమాని తరఫు ఇంజనీరు "చూశాను, అపాయం లేదన్నాను" అన్నచోట ఆయన లోపలికి వెళ్లి చూశాడా, కింద నిలబడి చూశాడా అన్నది రాసుకోండి. జూరీలోని వారికి ఆ యజమానితో వ్యాపార సంబంధం ఉండే అవకాశాన్ని మరచిపోవద్దు, కాని ఆధారం లేకుండా ఆరోపించవద్దు.

ఒకే భవనంలో చాలామంది చిన్న యజమానులు గదులు, యంత్రశక్తి అద్దెకు తీసుకుని పనిచేసే పద్ధతి యార్క్‌షైర్‌లో, లాంకషైర్‌లో బాగా ఉండేది. అలాంటి చోట భవనం ఒకరిది, యంత్రాలు మరొకరివి, కార్మికులు ఇంకొకరి కింద. ఎవరు పని ఆపమనగలరన్న ప్రశ్నకు సాక్షులు ఒకరినొకరు చూపుతారు. అద్దెదారులు తమకు సంబంధం లేదంటారు, యజమాని తనకు ఎవరూ చెప్పలేదంటాడు. ఈ గొలుసును ఒక బొమ్మగా గీసి, హెచ్చరిక ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో గుర్తించండి. మీ రెండవ కాగితానికి కావలసిన సమాధానం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

నివేదికల్లో ఇనుము కొలతలు అంగుళాల్లో ఎనిమిదో వంతు వరకు ఉంటాయి, చనిపోయినవారు "పనివారు" అన్న ఒక్క ముద్దగా ఉంటారు. అందుకని మృతుల జాబితాను పత్రికల నుంచి విడిగా ఎత్తి రాసి, ప్రతి ఒక్కరి వయసు, చేసే పని, ఏ అంతస్తులో ఉన్నారు అన్నవి చేర్చాలి. పదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కల ఇంటింటి పత్రాలు 1841 నుంచి లభ్యమవుతాయి. బ్రాడ్‌ఫర్డ్ వంటి సంఘటనకు 1881 లెక్కలు రెండేళ్లు నిండని ముందువే కాబట్టి ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఆ పిల్ల సంపాదన మీద ఎవరు ఆధారపడ్డారో తెలుస్తుంది. ఈ పని పూర్తయ్యాక మృతుల సంఖ్యను రాసేటప్పుడు అక్కడికక్కడే పోయినవారినీ, వారాల తరువాత ఆస్పత్రిలో పోయినవారినీ వేరుగా చూపండి. రెండో వర్గాన్ని తొలి వార్తలు లెక్కించవు కాబట్టి మూలాల మధ్య తేడాలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.